పద్నాలుగు సెకన్ల నవ్వు

ఆశిష్, నువ్వు అబద్ధం చెప్పావు. తెలియక చెప్పలేదు, తెలిసే చెప్పావు. "ఎడారి గంట" అని చానల్ పెట్టుకుని, గంట నొక్కండి గంట నొక్కండి అని పొద్దస్తమానం అడుక్కునే నువ్వు, మూడు నిమిషాల పది సెకన్ల వీడియోని కోసి పద్నాలుగు సెకన్లు చేశావు. కోడిని కోసేవాడు కూడా ఈకలు పక్కన పడేస్తాడు, చూసినవాళ్ళకి అది కోడేనని తెలుస్తుంది. నువ్వు ఈకలు కూడా మిగల్చలేదు. తప్పు నీ ఒక్కడిదే కాదు. అది నిజమా అని ఒక్క మాట అడక్కుండా చూసి, ఊళ్ళోకీ చుట్టాలకీ పంచిపెట్టిన నాలుగు లక్షల మందిది కూడా. వాళ్ళలో మా రాయచోటి వాళ్ళున్నారు. మా పెళ్ళిలో బిర్యానీ తిని చెయ్యి కడుక్కుని పోయినవాళ్ళున్నారు.

నా పేరు హుస్సేనమ్మ. ఏడో తరగతి దాకా చదివాను. షార్జా ఇండస్ట్రియల్ ఏరియాలో ఒక తెలుగు మెస్‌లో వంట చేస్తాను. మా ఆయన అల్లాబకాష్ అక్కడికి రెండు వీధుల అవతల మోటారు సైకిళ్ళ గ్యారేజీలో మెకానిక్. నాకు రాయడం రాదు, తిట్టడం వచ్చు. రాయడం వచ్చినవాళ్ళెవరూ రాయలేదు కాబట్టి నేను రాస్తున్నాను. ఇదంతా 2022 నవంబరులో మొదలై 2023 మార్చిలో, రంజాన్ నెల పుట్టే రోజున అయిపోయింది. ఒక్క చలికాలం. ఆ చలికాలానికి ముందు మా ఇంట్లో ఉన్న మనిషి వేరు, తర్వాత ఉన్న మనిషి వేరు.

ఎడారిలో తోలే నాలుగు చక్రాల బైకులుంటాయి కదా, క్వాడ్ అంటారు, అవి విరిగి మా ఆయన గ్యారేజీకి వస్తాయి. పనికిరానివి వెనక మూలన కుప్ప పడేస్తారు. ఆ కుప్పలోంచి రెండేళ్ళు ఏరి ఏరి, ఒకదాని ఇంజను ఇంకోదాని ఒంట్లో పెట్టి, మా ఆయన రెండు బళ్ళు నిలబెట్టాడు. గ్యారేజీ యజమాని అక్కడి మనిషే, అర్బాబ్ అంటారు అందరూ. ఆయన ఒకరోజు వచ్చి చూసి, నమ్మలేక చుట్టూ తిరిగి, స్టార్ట్ చేయించి చూసి, తన పేరు మీదే కాగితాలు చేయించాడు. ఆదివారం మీరు తోలుకోండి, ఎవర్నీ గుద్దొద్దు, ఎవరూ నా దగ్గరికి ఫిర్యాదుతో రాకూడదు అన్నాడు. ఆ మాట గుర్తుపెట్టుకోండి.

నాకు ఆ బళ్ళంటే మంట. ముందే చెప్తున్నా, దాచను. వారానికి ఒక్క సెలవు. పంతొమ్మిదేళ్ళ కాపురంలో పదిహేనేళ్ళు ఆయన దుబాయ్‌లో, నేను రాయచోటిలో. నేను వీసా తెచ్చుకుని వచ్చిన తర్వాతైనా ఆదివారం ఇంట్లో కూర్చుంటాడనుకున్నా. ఈయన తెల్లారకముందే లేచి ఆరు సీసాల నీళ్ళు పట్టుకుని, గ్యారేజీ పికప్‌లో బళ్ళు ఎక్కించుకుని, బదాయర్ ఎర్ర దిబ్బల్లోకి పోతాడు. పదకొండింటికి చెవుల్లో ఇసకతో వస్తాడు. "అబ్బోడా, ఇసకలో పొర్లాడే దానికి యాడో బతుకుతాండే దాన్ని నన్నెందుకు రప్పించినావు" అని అడిగితే, నవ్వడు, కోప్పడడు. చెవులు కడుక్కుంటాడు. మాట్లాడే మనిషి కాదు. నవ్వే మనిషి అసలే కాదు.

ఆయనతో ఇద్దరు పోయేవారు. ఒకడు నా మరిది తబ్రేజ్. ఎడారి క్యాంపులో టూరిస్టులని తిప్పే గైడు, ఫోను చేతిలో లేకపోతే అన్నం దిగదు. రెండోవాడు భోజన్న. జగిత్యాల దగ్గర పల్లె, ఇనుప చువ్వలు వంచే పని, మా మెస్‌లో తింటాడు. యాభై ఏళ్ళ మనిషి. మొదటిసారి బండెక్కి వచ్చిన రోజు మెస్ గుమ్మంలో నిలబడి నాతో అన్నాడు:

"ఇరవై రెండేండ్ల సంది ఇసుక మోసిన చెల్లె. ఇయ్యాల ఇసుక నన్ను మోసింది."

ఆ మాటకి నా మంట సగం చల్లారింది. మిగతా సగం జనవరిలో పోయింది, నన్నూ వెనక ఎక్కించుకుని దిబ్బ మీదికి తీసుకుపోయినప్పుడు. దాని గురించి ఎక్కువ రాయను. నేను కళ్ళు మూసుకోలేదు, అంతే.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి, ఎందుకంటే దీని మీదే అంతా నిలబడి ఉంది. ఇసక దిబ్బ శిఖరం అంటే గోడ లాంటిది. ఇటు వైపు వాడికి అటు వైపు ఏముందో కనపడదు. అందుకే ప్రతి బండికీ వెనక మనిషెత్తు కంటే పొడుగ్గా ఒక కమ్మీ, దాని కొనకి జెండా కడతారు. బండి కనపడకపోయినా జెండా కనపడుతుంది. మా రెండు జెండాలూ నేనే కుట్టాను, నా పాత మిరపపండు రంగు చున్నీ చించి. మా ఆయన పెట్టిన పద్ధతి ఇంకొకటి ఉంది. దిబ్బ అవతల ఎవరైనా పడిపోయి ఉంటే ముందు వాళ్ళ దగ్గరికి పరిగెత్తకూడదు. బండి కమ్మీ పీకి, శిఖరం మీద జెండా పాతాలి. తర్వాతే కిందికి దిగాలి. లేకపోతే వెనకాల వచ్చేవాడు గాల్లోంచి ఎగిరి పడినవాడి మీదే పడతాడు.

భోజన్నకి ఇది మింగుడు పడలేదు. మనిషి ఒకపక్క అరుస్తుంటే గుడ్డముక్క పాతుకుంటూ కూర్చోవాల్నా అని అడిగాడు. మా ఆయన చెప్పింది ఒకటే.

"ముందు జెండా. లేకుంటే ఒకరు కాదు, ఇద్దరు."

ఆ చలికాలం వాళ్ళు ఇసకలో కూరుకుపోయిన పదకొండు కార్లు లాగారు. అందులో పిల్లాజెల్లాతో వచ్చి దిగబడి ఏడుస్తున్న సంసారాలున్నాయి. పెద్ద చదువులు చదివిన మన తెలుగువాళ్ళు ఉన్నారు, టైర్లలో గాలి తగ్గించకుండా దిబ్బెక్కి బొక్కబోర్లా పడినవాళ్ళు. వచ్చేటప్పుడు ఇంకెవరో పారేసిన సీసాలూ బొగ్గు సంచులూ రెండు గోతాలకి ఎత్తుకొచ్చేవారు. ఇదంతా ఎవరూ చెప్పమంటే చెయ్యలేదు. ఎవరికీ చెప్పుకోవాలనీ చెయ్యలేదు. చెప్పుకోకపోవడమే పొరపాటయింది.

ఫిబ్రవరి పంతొమ్మిది, ఆదివారం. పదకొండింటికి రావాల్సినవాళ్ళు ఒంటిగంటకి వచ్చారు. భోజన్న చొక్కా కుడి భుజం దగ్గర చిరిగి, చర్మం గీరుకుపోయి ఉంది. ఏం జరిగిందో తబ్రేజే చెప్పాడు. ఎవరో టూరిస్టు తెల్లామె, అద్దె క్వాడ్ తీసుకుని ఒంటరిగా దిబ్బెక్కింది. ఆ బండికి జెండా లేదు. అవతలి వైపు దొర్లిపోయి కాలు బండి కింద ఇరుక్కుంది. వీళ్ళు జెండా పాతి, దిగి, బండెత్తి, ఆమెని లాగి, నీళ్ళు తాగించి, క్యాంపు వాళ్ళకి అప్పజెప్పి వచ్చారు. కాలు విరగలేదు. వీడియో తీశాను వదినా, మెస్ గ్రూపులో పెట్టాను చూడు అన్నాడు. నేను అరవై మందికి చికెన్ వేయిస్తున్నా. ఫోను చార్జింగులో ఉంది. తర్వాత చూస్తా పో అన్నాను.

తర్వాత అనేది రాలేదు.

సాయంత్రం గ్యారేజీ ముదీర్, అంటే మేనేజరు, షాహబాజ్ మా గదికి వచ్చాడు. హైదరాబాద్ మనిషి, మంచివాడే. తలుపు వేసి, గొంతు తగ్గించి, ఏం పని చేశావురా అని తబ్రేజ్‌ని అడిగాడు. ఇక్కడ ఎవర్నైనా అడక్కుండా వీడియో తీయడమే నేరం. తీసింది ఆడమనిషిని. పంచింది అరవై మందికి. ఆమె ఒక్క మాట చెప్తే నువ్వు జైల్లో, నీ అన్న ఊళ్ళో అన్నాడు.

తీయడం తప్పే. నేను ఒప్పుకుంటాను, తబ్రేజ్ కూడా ఒప్పుకుంటాడు. కానీ తర్వాత మేం చేసింది చూడండి. మా ఆయన అందరి ఫోన్లూ బయటికి తీయించాడు. గ్రూపులోంచి తుడిచాం. ఫోన్లలోంచి తుడిచాం. అంతటితో ఆగలేదు, భయానికి అంచు ఉండదు కదా. ఆ ఒక్కటే కాదు, చలికాలం మొత్తం తుడిచాం. లాగిన కార్లు, చెత్త గోతాలు, భోజన్న మొదటిసారి బండెక్కినది, నేను వెనక కూర్చున్నది. చూడకుండానే నేనూ తుడిచేశాను. ముగ్గురు మగాళ్ళు, ఒక ఆడది, నాలుగు ఫోన్లు. పదేళ్ళు దుబాయ్‌లో ఉన్న కూలిమనిషి ఎవరైనా ఇదే చేస్తాడు. పోలీసు మాట వినపడితే ముందు సాక్ష్యం తుడిచేస్తాం. అది మనకి పనికొచ్చే సాక్ష్యమని తర్వాత గుర్తొస్తుంది.

మూడో రోజు, బుధవారం, నీ చానల్లో వచ్చింది.

తెల్లామె ఇసకలో కూర్చుని ఉంది, మొహం మసక. పక్కన క్వాడ్ పక్కకి పడి ఉంది. మా ఆయన, భోజన్న కడుపు పట్టుకుని నవ్వుతున్నారు. వెనక శిఖరం మీద ఎర్ర జెండా. పైన ఏదో దడదడ పాట. నీ గొంతు: కూలి పనికొచ్చిన మనవాళ్ళు ఎడారిలో చేస్తున్న ఆగడం చూడండి, ఆడ టూరిస్టు మీదికి బండెక్కించి, పైగా జెండా పాతి పండగ చేసుకుంటున్నారు, ఇలాంటివాళ్ళ వల్లే తెలుగువాళ్ళ పరువు పోతోంది. పద్నాలుగు సెకన్లు. దాన్నే మూడుసార్లు తిప్పి వేశావు.

ఆమె మొహం మూశావు. మంచిపని చేశావు. మా వాళ్ళ మొహాలు ఎందుకు మూయలేదు? వాళ్ళవి మొహాలు కాదా? చట్టం అంటే నీకు భయం ఉంది, అందుకే ఆమెని మూశావు. మా వాళ్ళ దగ్గర చట్టం లేదని నీకు తెలుసు.

కింద జనం రాసినవి చదివాను. ఒక్కటీ వదల్లేదు. వీళ్ళ వీసాలు పీకెయ్యాలి. కూలోళ్ళకి బైకులెందుకు. తిని పడుకోక ఎడారిలో ఏం పని. ఈ ఆట మొత్తాన్నే నిషేధించాలి. అంతకు వారం ముందే అదే చానల్లో ఇంకో వీడియో ఉంది. ఆఫీసుల్లో పనిచేసే తెలుగు బాబులు పెద్ద పెద్ద ఇసక బళ్ళలో అవే దిబ్బల మీద ఎగురుతుంటే నువ్వు పక్క సీట్లో కూర్చుని కేకలు పెడుతున్నావు. దాని పేరు సాహసం. మా వాళ్ళు తోలితే ఆగడం. ఇసక ఒకటే, దిబ్బ ఒకటే. జేబు మారితే పేరు మారుతుందా?

ఆ సాయంత్రం మా ఫిజా ఫోన్ చేసింది. మా కూతురు. రాయచోటిలో హాస్టల్లో ఉండి ఇంటర్ చదువుతోంది. వాళ్ళ నాయన పక్కనే కంచం కడుగుతున్నాడు. నేను ఎప్పటిలాగే స్పీకర్ పెట్టాను.

"అమ్మా, వీడియోలో ఉండేది నాయనేనా?"

"ఆ. కానీ అది..."

"ఆమె ఏడుస్తాంటే నాయన నవ్వుతాండాడేంది?"

నేను చెప్పడం మొదలుపెట్టాను. జెండా ఎందుకో, బండి ఎట్లా ఎత్తారో, మొత్తం. చివరిదాకా విన్నది. తర్వాత మెల్లిగా, మరి అదంతా ఉండే వీడియో పెట్టండి, నా స్నేహితులకి చూపిస్తా అన్నది. మా దగ్గర లేదమ్మా, తుడిచేశాం అన్నాను. తప్పు చెయ్యనోళ్ళు ఎందుకు తుడుస్తారు అని అడగలేదు. అడగని పిల్లని ఏమని తిట్టను? చదువుకోవాల అని పెట్టేసింది. మా ఆయన కొళాయి కట్టేసి, కంచం తుడిచి, బోర్లించాడు. అది రోజూ బోర్లించే కంచమే. ఆరోజు చప్పుడు కాకుండా బోర్లించాడు.

మర్నాడు షాహబాజ్ అర్బాబ్ మాట మోసుకొచ్చాడు. వీడియో ఆయన దాకా పోయింది. బళ్ళ కాగితాలు ఆయన పేరు మీదున్నాయి. అసలేం జరిగిందో చూపించే వీడియో రంజాన్ నెల పుట్టేలోగా ఆ చానల్లోనే రావాలి. రాకపోతే రెండు బళ్ళూ స్క్రాప్ మిషన్‌లోకి. ఉద్యోగం తీయడు, మనిషి మంచివాడు. కానీ బళ్ళు ఖలాస్.

నెల గడువు. మా గదిలో కూర్చుని మాట్లాడుకున్నారు. తబ్రేజ్ తనే ఒక రీల్ చేసి నిన్ను కడిగేస్తానన్నాడు. ఇక్కడ ఒకరి పేరు పెట్టి తిడితే అదింకో కేసని మా ఆయన ఫోను లాక్కున్నాడు. పోలీసుల దగ్గరికి పోదామంటే, వీడియో తీసిందెవరని మొదటి ప్రశ్న. భోజన్న అసలు ఏమీ వద్దన్నాడు.

"మొగులు మీద ఉమ్మేస్తె మన మొకం మీదనే వడ్తది. ఊకుందాం బావా."

ఊరుకోవడం నా వల్ల కాదు. నీ వీడియో కింద రాశాను, పొట్టిగా, మర్యాదగానే: ఆ జెండా ఎందుకో అడిగి తెలుసుకోండి అని. రెండు నిమిషాల్లో పోయింది. మళ్ళీ రాశాను. మళ్ళీ పోయింది. మూడోసారి రాయబోతే నన్ను రానివ్వలేదు. చానల్ నంబరుకి ఆరు వాయిస్ మెసేజీలు పంపాను. నీలం టిక్కులు పడ్డాయి. జవాబు లేదు.

అప్పుడు ఒక రోజు మధ్యాహ్నం, క్యారియర్లు సర్దుతుంటే, పెన్సిల్‌తో రాసిన జాబితాలో నీ పేరు కనపడింది. ఆశిష్, కుసైస్ ఏరియా, మూడు భోజనాలు; పక్కన ఫోన్ నంబరు, నీ చానల్ నంబరే. మూడేళ్ళుగా నా చేతి వంట తింటున్నావు. రోజూ కూరేంటో తెలియడానికి నిన్నూ మెస్ గ్రూపులో చేర్చుకున్నాం. మేం తుడిచేలోపు నీ ఫోనులో దిగింది. మెస్‌లో తినే మిగతావాళ్ళందరినీ అడిగి చూశాను, ఎవరి దగ్గరా లేదు. లోకంలో ఆ వీడియో మొత్తం ఉన్నది ఒక్క నీ దగ్గరే.

ఆరోజు క్యారియర్ నేనే తీసుకొచ్చాను. నీకు గుర్తుందో లేదో. గోడకి పచ్చగుడ్డ, రెండు పెద్ద లైట్లు, కుర్చీ మీద కోటు. నువ్వు మంచిగానే మాట్లాడావు, అక్కా అన్నావు, కూర్చోమన్నావు. నేనెవరో చెప్పాక కూడా అక్కా అనే అన్నావు. పర్సనల్‌గా తీసుకోవద్దన్నావు. నేను ఒకటే అడిగాను, మొత్తం చూపించు అని. ఏమనుకున్నావో, చూపించావు.

మొదట ఆకాశం ఊగుతోంది. తబ్రేజ్ పరిగెత్తుతూ తీస్తున్నాడు. మా ఆయన కమ్మీ పీకి శిఖరం మీద గుచ్చాడు, రెండుసార్లు ఊపి గట్టిగా ఉందో లేదో చూశాడు, అప్పుడు దిగాడు. నా చున్నీ గాలికి నిటారుగా ఉంది. కింద తెల్లామె అరుస్తోంది. భోజన్న బండి కిందికి భుజం పెట్టాడు. మా ఆయన ఆమె చంకల కింద చేతులు వేసే ముందు, ఆమె వైపు చూసి, రెండు చేతులూ చూపించి, అనుమతి అడిగాడు. ఆమె తల ఊపింది. లాగాడు. కాలు బయటికొచ్చింది. తన తలగుడ్డ విప్పి ఆమె మొహం మీద ఎండ పడకుండా పట్టుకున్నాడు. ఇదంతా రెండున్నర నిమిషాలు.

అప్పటికీ భోజన్న బండిని భుజాన మోస్తూనే ఉన్నాడు. దింపమని ఎవరూ చెప్పలేదు. దింపితే ఎటు దొర్లుతుందో తెలియదు. కాళ్ళు వణుకుతుంటే, మొహం ఎర్రబడి, ఆ తెల్లామెనే అడిగాడు:

"గిప్పుడు దీన్ని ఏడ వెట్టాలమ్మా?"

ఆమెకి ఏం అర్థమైందో దేవుడికెరుక. కన్నీళ్ళతోనే ఒక వేలు పైకెత్తి పక్కనున్న ఇసక చూపించింది. ఏదో బీరువా పెట్టేచోటు చూపించినట్టు. భోజన్న సరేనమ్మా అని అక్కడ పడేశాడు. ముందు నవ్వింది ఆమె. విను ఆశిష్, ముందు నవ్వింది ఆమె. బతికి బయటపడ్డ మనిషి నవ్వే నవ్వు. ఆ నవ్వు వినే వీళ్ళిద్దరూ నవ్వారు. నువ్వు కోసింది సరిగ్గా అక్కడ. ఆమె గొంతు మీద పాట పోశావు.

మా ఆయన నవ్వు నేను మొదటిసారి విన్నది నీ పచ్చగుడ్డ గదిలో. తల వెనక్కి వేసి, చిగుళ్ళు కనపడేటట్టు, చిన్నపిల్లాడికి మల్లే. పంతొమ్మిదేళ్ళు.

మళ్ళీ వెయ్యి అన్నాను. వేశావు. ఇంకోసారి అన్నాను. గడియారం చూసుకున్నావు.

దీన్ని చానల్లో పెట్టు అంటే, మూడు నిమిషాలు ఎవరు చూస్తారక్కా, పదిహేనో సెకనుకి జనం వేలితో నెట్టేస్తారు అన్నావు. పోనీ నాకు పంపు, నా కూతురికి చూపిస్తా అంటే, పంపడం చట్టం ఒప్పుకోదు అన్నావు. నాలుగు లక్షల మందికి పంపడానికి ఒప్పుకున్న చట్టం ఒక కూతురికి పంపడానికి ఒప్పుకోదు. జెండా ఎందుకో చెప్పాను. ఓ, ఇది మంచి పాయింటక్కా, రంజాన్ అయ్యాక చూద్దాం అన్నావు. క్యారియర్ విప్పి, మూత తీసి, వాసన చూసి, ఈరోజు పప్పు బాగుంది అన్నావు.

"తిను" అన్నాను. తినేవాడిని లేపకూడదు, మా ఇంట్లో పద్ధతి అది. ఖాళీ గిన్నెలు తీసుకుని వచ్చేశాను.

ఇంటికొచ్చి మా ఆయనకి చెప్పాను, చూశానని. షూ విప్పుతున్నవాడు ఆగాడు. ఏమన్నాడు, పెడతాడా అని అడగలేదు.

"ఎట్లుండాది?" అన్నాడు.

"బాగుండాది" అన్నాను.

మార్చి ఇరవై రెండు, బుధవారం. మర్నాడు రంజాన్ మొదలు. గడువు అయిపోయింది, నీ చానల్లో ఏమీ రాలేదు. మధ్యాహ్నం నేను అన్నం పట్టుకుని గ్యారేజీకి పోయేసరికి, స్క్రాప్ బండి వచ్చి నిలబడి ఉంది. మా ఆయన దాన్ని ఆగమని చెప్పి, బళ్ళు తన చేతుల్తోనే విప్పుతున్నాడు. నలిగిపోయే ఇనుమే, విప్పి ఇచ్చినా ఒకటే, విప్పకుండా ఇచ్చినా ఒకటే అని షాహబాజ్ నాతో అన్నాడు. అన్నాడే కానీ ఆపలేదు. చక్రాలు ఒకవైపు, హ్యాండిళ్ళు ఒకవైపు, బోల్టులు పెయింట్ డబ్బాలో. ప్రతి బోల్టూ గుడ్డతో తుడిచి మరీ వేశాడు. చివరికి రెండు కమ్మీలు మిగిలాయి. వాటికి కట్టిన జెండాలు విప్పి, మడిచి, నా చేతిలో పెట్టాడు. అన్నం తిన్నాడు. కూర కారంగా ఉందన్నాడు. లేదు నిజానికి.

పండగ పోయాక మొదటి ఆదివారం తెల్లారుజామున నాకు మెలకువ వచ్చింది. కొళాయి చప్పుడు. ఆరు సీసాలు నింపి వరసగా పెట్టుకుని నిలబడి ఉన్నాడు. నేను కళ్ళు తెరిచి చూస్తున్నానని ఆయనకి తెలియదు. కాసేపు నిలబడ్డాడు. తర్వాత ఒక్కొక్కటీ బక్కెట్లో ఒంపేశాడు, నీళ్ళు పారబోయడం తప్పు కాబట్టి. వచ్చి పడుకున్నాడు. అప్పట్నుంచీ ఆదివారం ఇంట్లోనే ఉంటాడు. నేను కోరుకున్నదే. నా నోట్లో మన్నుపడ.

ఫిజా ఫోన్ చేస్తుంది. నాతోనే మాట్లాడుతుంది. నాయనకి ఇవ్వనా అంటే, పనిలో ఉంటాడేమోలే అంటుంది. ఆయన పక్కనే ఉంటాడు, ఆ మాట వింటాడు, చెప్పులేసుకుని కిందికి పోతాడు.

భోజన్న జెబెల్ అలీ క్యాంపుకి మారిపోయాడు. మొన్న మాట్లాడాడు. ఇకమీద ఎవలన్న వడ్డా ఆగను చెల్లె, చూసుకుంట పోత, మనకెందుకు అన్నాడు. మళ్ళీ తనే, ఆగుతనే తియ్యి, ఆగకుంటె ఎట్ల అన్నాడు. విన్నావా ఆశిష్? నువ్వు పరువు తీశావన్న మనుషులు వీళ్ళే. వీళ్ళని కూడా ఆగకుండా పోయేలా చేస్తే, రేపు నీ పెళ్ళాంబిడ్డలతో నువ్వే దిబ్బ అవతల పడితే జెండా ఎవడు పాతుతాడు?

రంజాన్ అయ్యాక చూద్దాం అన్నావు. ఆ రంజాన్ పోయింది, తర్వాతది కూడా పోయింది. వీడియో అట్లాగే ఉంది. నీ మూడు భోజనాలు రోజూ పోతూనే ఉన్నాయి, నేను ఒక్కరోజు కూడా ఉప్పు ఎక్కువ వెయ్యలేదు.

చూసి పంచినవాళ్ళకి చెప్తున్నా: మీరు దేన్ని పంచారో దాని కిందికే వెళ్ళి, మొత్తం ఏదీ అని రాయండి. నన్ను రానివ్వడు, మిమ్మల్ని రానిస్తాడు. నాలుగు లక్షల మంది ఒకే మాట అడిగితే ఎన్నని తుడుస్తాడు?

నీకు చెప్తున్నా: క్షమాపణ వద్దు. నీ మాటలే వద్దు, నువ్వు నోరు మూసుకో చాలు. మూడు నిమిషాల పది సెకన్లూ వెయ్యి. ఆమె మొహం మూసే ఉంచు, మా వాళ్ళ మొహాలు తెరిచే ఉంచు. పాట తీసెయ్యి. మా ఆయన జెండా గుచ్చి, ఊపి చూసుకున్న దగ్గర్నుంచి మొదలుపెట్టు. ముందు ఎవరు నవ్వారో జనం చెవులతో విననీ. చట్టం గిట్టం అనకు, మొదటిసారి వేసినప్పుడు ఏ చట్టం అడ్డం రాలేదో అదే ఇప్పుడూ రాదు.

అందరికంటే ముందు ఫిజాకి పంపు. నంబరు నా దగ్గరుంది, రేపు మధ్యాహ్నం క్యారియర్ మూత మీద రాసి పంపిస్తాను. పంపిన తర్వాతే మూత తియ్యి.